వైకింగ్ గ్రాబెన్ లైన్ 12 రీప్రాసెసింగ్: ప్రాజెక్టు డైరీ

చేతిలో ఉన్న సరుకు: ఉత్తర సముద్రంలో వైకింగ్ గ్రాబెన్ మీదుగా తీసిన ఒకే ఒక్క 2డి సైస్మిక్ లైన్, అంటే నౌక ఒకే గీత వెంట పోతూ అలలను నేలలోకి పంపి, పొరల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనులను నమోదు చేసిన రికార్డు. 1994 నాటి ఎస్‌ఈజీ (అన్వేషణ భూభౌతిక శాస్త్రవేత్తల సంఘం) వర్క్‌షాప్ కోసం మొబిల్ కంపెనీ బయటపెట్టిన డేటా ఇది. 1001 షాట్లు (ఎయిర్‌గన్ పేలుళ్లు), షాటుకు 120 చానళ్లు (కేబుల్ మీది రిసీవర్లు). షాట్ల మధ్య దూరం 25 మీటర్లు, చానళ్ల మధ్య కూడా 25 మీటర్లే. శాంప్లింగ్ 4 మిల్లీసెకన్లు, రికార్డు 6 సెకన్లు. దగ్గరి ఆఫ్‌సెట్ (గన్‌కూ రిసీవర్‌కూ మధ్య దూరం) 262 మీటర్లు, దూరపుది 3237. ఎయిర్‌గన్‌లు నీటిలో 6 మీటర్ల లోతున, కేబుల్ 10 మీటర్ల లోతున. సముద్రపు అడుగు దాదాపు 350 మీటర్ల కింద.

పని: ఇదే డేటాను రెండు దారుల్లో నడపడం. పొట్టి దారిలో గెయిన్ (బలహీనమైన అలలను పెంచడం), డీకాన్ (డీకన్వొల్యూషన్, పల్స్‌ను కుదించి మోతను తీసే ఫిల్టర్), స్ట్యాక్ (ఒకే చోటికి చెందిన ట్రేసులను కలిపి సగటు తీయడం) అంతే. పొడుగు దారిలో సిగ్నేచర్ (గన్ పల్స్ ఆకారం), గోస్ట్ (నీటి ఉపరితలాన్ని తాకి వచ్చే నకలు), మల్టిపుల్స్ (నీటి ఉపరితలానికీ పొరలకూ మధ్య మళ్లీ మళ్లీ ఎగిరిన అలలు) ఒక్కొక్కటే తీసుకుంటూ పోవడం. చివరికి రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి, ఏ రిఫ్లెక్షన్ భూమిది, ఏది మనం చేసిన లెక్కది అని తేల్చుకోవాలి. సాధనాలు: కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ వారి సైస్మిక్ యూనిక్స్, అందులో లేనివాటికి పైథాన్. 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు డెస్క్‌టాప్.

1వ రోజు – ఫైలు తెరవడం

ఫైలు సైజుతోనే సగం తనిఖీ అయిపోతుంది. 120120 ట్రేసులు (ఒక షాటుకు ఒక చానల్ చేసిన రికార్డు ఒక ట్రేసు), ఒక్కోదానికి 1500 శాంపిళ్లు నాలుగేసి బైట్ల చొప్పున, పైన 240 బైట్ల ట్రేస్ హెడర్: 6240 బైట్లు. మొత్తం 749,548,800. దీనికి మొదట్లో ఉండే 3600 బైట్లు కలిపితే డిస్కు మీద కనిపించే అంకె రావాలి. రాకపోతే ఎక్కడో ట్రేసులు పోయాయి, లేదా శాంపిళ్ల లెక్క తప్పు.

తర్వాత చూడాల్సింది 3225–3226 బైట్లలోని ఫార్మాట్ కోడ్. 1 అయితే ఐబీఎం ఫ్లోట్, 5 అయితే ఐఈఈఈ ఫ్లోట్. ఇక్కడ పొరపాటు పడితే వెంటనే తెలియదు, అదే చిక్కు. ఐబీఎం అంకెలను ఐఈఈఈ అనుకుని చదివినా ఈవెంట్లు (రికార్డులో వరుసగా కనిపించే అలలు) ఉన్న చోటే కనిపిస్తాయి. ఒకదానిలో ఘాతాంకం 16 మీద నడుస్తుంది, మరోదానిలో 2 మీద. అందుకని ఆంప్లిట్యూడ్ మాత్రమే గంతులు వేస్తుంది. పైన ఏజీసీ (ఒక్కో కాలపు కిటికీలో ఆంప్లిట్యూడ్‌ను ఒకే స్థాయికి తెచ్చే ఆటోమేటిక్ గెయిన్) పెట్టి చూస్తే ఆ గంతులు కూడా సర్దుకుపోయి, బొమ్మ చక్కగానే ఉంటుంది. అందుకే మొదటి ప్లాట్లకు ఏ గెయిన్ పెట్టకుండా, పచ్చి అంకెల హిస్టోగ్రామ్ వేశాం. నున్నటి గంట ఆకారం వస్తే సరే. మెట్లు మెట్లుగా వస్తే ఫార్మాట్ తప్పు.

జియోమెట్రీ: ఆఫ్‌సెట్ 37–40 బైట్లలో, సీఎంపీ (గన్‌కూ రిసీవర్‌కూ నడిమి బిందువు) నంబరు 21–24లో. కోఆర్డినేట్లకు స్కేలర్ 71–72లో ఉంటుంది, అది రుణసంఖ్య అయితే భాగించాలి, ధనసంఖ్య అయితే గుణించాలి. సీఎంపీ అంతరం 12.5 మీటర్లు, ఫోల్డ్ (ఒక సీఎంపీకి వచ్చే ట్రేసుల సంఖ్య) 60.

ఈ ఫోల్డ్ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. షాట్ గేదర్‌లో (ఒకే షాటు ట్రేసుల గుంపులో) ట్రేసుల మధ్య 25 మీటర్లు. అదే సీఎంపీ గేదర్‌లోకి వచ్చేసరికి, ఒక సీఎంపీకి సరి చానళ్లు, పక్కదానికి బేసి చానళ్లు పడతాయి. అంటే ఆఫ్‌సెట్ అంతరం 50 మీటర్లు. నీటి వేగంతో, అంటే సెకనుకు 1500 మీటర్లతో, అడ్డంగా పరుగెత్తే ఈవెంట్ షాట్ గేదర్‌లో 30 హెర్ట్జ్ దాటాక ఎలియాస్ అవుతుంది (ట్రేసులు చాలక తప్పు వాలుతో కనిపిస్తుంది). సీఎంపీలో అయితే 15 హెర్ట్జ్ దగ్గరే. ఎఫ్‌కే ఫిల్టర్ (ఈవెంట్లను వాలును బట్టి విడదీసేది) ఏ గేదర్ మీద వేయాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

2వ రోజు – పొట్టి దారి, ముందే పూర్తి

దీన్ని ముందు ముగించడానికి కారణం, పోలికకు ఒక ఆధారం కావాలి. అర సెకను కిటికీతో ఏజీసీ, 32 మి.సె. గ్యాప్, 240 మి.సె. పొడవు ఉన్న ప్రెడిక్టివ్ డీకాన్, ప్రీవైటెనింగ్ (లెక్క నిలకడగా ఉండేందుకు చేర్చే కాస్త రొద) 0.1 శాతం, ఒకే వేగపు పట్టికతో ఎన్‌ఎంఓ (ఆఫ్‌సెట్ వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిచేయడం), స్ట్యాక్.

సెక్షన్ చూడటానికి బాగుంది. పై నుంచి కింది దాకా గీతలే గీతలు, అన్నీ ఒకే బలంతో. అనుమానించాల్సిందే అది. 350 మీటర్ల నీటిలో అడుగు రిఫ్లెక్షన్ 0.467 సెకన్లకు వస్తే, దాని మల్టిపుల్ 0.933కి, రెండోది 1.4కి, అలా దిగుతూ పోతాయి. కింద ఉన్న ప్రతి గట్టి పొరకూ వెనకాలే అర సెకను తేడాతో పెగ్‌లెగ్‌లు (దారిలో నీటి పొరలో అదనంగా ఎగిరిన అలలు). వైకింగ్ గ్రాబెన్ జురాసిక్‌లో చీలిన నేల. వాలిన బ్లాకులు, వాటి మీద క్రెటేషియస్ అడుగున ఒక అన్‌కన్ఫర్మిటీ (పాత పొరలు కోతకు గురయ్యాక కొత్తవి పరుచుకున్న సరిహద్దు). వాలుగా ఉండాల్సిన జురాసిక్ పొరల మీదుగా సముద్రపు అడుగుకు సమాంతరంగా బల్లపరుపు గీతలు కోసుకుంటూ పోతున్నాయంటే, అవి రాతివి కావు.

ఏజీసీ చేసే మరో పని, బలమైన ఈవెంట్ కింద నీడ పడటం. అర సెకను కిటికీలో సముద్రపు అడుగు ఉన్నంతసేపూ కిటికీ సగటు దానిదే. దాని కిందున్న బలహీనమైన రిఫ్లెక్షన్లు అణిగిపోతాయి. కిటికీ దాటగానే ఒక్కసారిగా లేస్తాయి. తెలియనివాళ్లు ఆ అంచును పొరల సరిహద్దు అనుకుంటారు.

ఇక్కడి నుంచి ఏజీసీ తెర మీద చూడటానికే. ఫైల్లోకి ఎక్కదు.

3–4 రోజులు – సిగ్నేచర్, పోలారిటీ

డేటాతో పాటు ఫార్‌ఫీల్డ్ సిగ్నేచర్ (గన్లకు దూరంగా కనిపించే పల్స్ ఆకారం) కూడా ఇచ్చారు. ఇది చాలా డేటాసెట్‌లతో రాని భాగ్యం. ఎయిర్‌గన్ పేలాక గాలి బుడగ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఆ ముడుచుకున్న ప్రతిసారీ ఇంకో చిన్న పల్స్. గన్ల సైజులు వేర్వేరుగా పెట్టి అర్రే కట్టేది ఆ పల్స్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలనే. పూర్తిగా పోవు.

సిగ్నేచర్ నుంచి కావలసిన పల్స్‌కు మార్చే ఫిల్టర్ ఒక్కటే తయారుచేసి, డేటా మొత్తానికి అదే వేశాం. కావలసిన పల్స్ మినిమమ్ ఫేజ్‌దా (శక్తి మొదట్లోనే ఉండేది), జీరో ఫేజ్‌దా (నడిమి శిఖరానికి రెండువైపులా సమంగా ఉండేది)? తర్వాత డీకాన్ ఉంది, దానికి మినిమమ్ ఫేజ్ కావాలి. కాబట్టి ఇప్పుడు మినిమమ్ ఫేజ్, జీరో ఫేజ్‌కు మార్చడం స్ట్యాక్ తర్వాత. ఈ వరుస తారుమారైతే డీకాన్ తప్పు ఊహ మీద నడుస్తుంది. వేవ్‌లెట్ తోక ముందుకు పాకి, ఈవెంట్ కంటే ముందే చిన్న అలలు వస్తాయి.

పోలారిటీని ఒక పక్క రాసిపెట్టుకోవాలి. ఎస్‌ఈజీ సంప్రదాయంలో జీరో ఫేజ్ డేటాకు, గట్టిపొర పైభాగం శిఖరంగా కనిపించాలి. ఉత్తర సముద్రంలో పనిచేసేవాళ్లలో దానికి తలకిందులుగా వేసే అలవాటు ఉంది. సముద్రపు అడుగు ఎప్పుడూ మెత్తటి నీటి నుంచి గట్టి నేలకు పోయే సరిహద్దే కాబట్టి, దాని గుర్తు చూసి ఏది వాడారో తేల్చుకోవచ్చు. గుర్తు తెలియని సెక్షన్ మీద గ్యాస్ ఇసుక వెతకడం, ఉత్తరం ఎటో తెలియని మ్యాపు పట్టుకుని తిరగడం.

5వ రోజు – గోస్ట్

గన్ నుంచి పైకి పోయిన అల నీటి ఉపరితలాన్ని తాకి గుర్తు మార్చుకుని కిందికి దిగుతుంది. కేబుల్ దగ్గరా ఇదే జరుగుతుంది. నిట్టనిలువు అలకు గన్ వైపు ఆలస్యం 8 మి.సె., కేబుల్ వైపు 13.3 మి.సె. ఫలితంగా స్పెక్ట్రమ్‌లో గుంటలు: కేబుల్‌ది 75 హెర్ట్జ్ దగ్గర, గన్‌ది 125 హెర్ట్జ్ దగ్గర. 4 మి.సె. శాంప్లింగ్‌కు నైక్విస్ట్ (రికార్డు చేయగల అత్యధిక ఫ్రీక్వెన్సీ) కూడా 125 కాబట్టి రెండోది పెద్దగా బాధించదు. రెండింటికీ 0 హెర్ట్జ్ దగ్గర ఇంకో గుంట ఉంది. అసలు దెబ్బ అక్కడ.

లెక్క వేస్తే, రెండు గోస్ట్‌లూ కలిసి 5 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ను 37.5 హెర్ట్జ్‌తో పోలిస్తే 31 రెట్లు, అంటే సుమారు 30 డెసిబెల్స్ తగ్గిస్తాయి. ఇన్వర్షన్ (రిఫ్లెక్షన్ల నుంచి రాతి గుణాలను వెనక్కి లెక్కించడం) చేసి రాతి ఇంపీడెన్స్ (వేగం, సాంద్రతల లబ్ధం) కావాలనుకునేవాళ్లకు కావలసింది ఈ తక్కువ ఫ్రీక్వెన్సీలే. అలాగని 30 డెసిబెల్స్ పైకి లేపితే, అలల పోటుకు కేబుల్ ఊగిన రొద కూడా అంతే లేస్తుంది. ఆ రొద ఎక్కువగా 10 హెర్ట్జ్ లోపే ఉంటుంది. ఒక హద్దు పెట్టుకోక తప్పదు. మేం 18 డెసిబెల్స్ దగ్గర ఆపాం.

గుంట ఒకేచోట ఉండదన్నది మరచిపోతే ఇంకో తప్పు. 40 డిగ్రీల వాలుతో వచ్చే అలకు కేబుల్ గుంట 75 నుంచి 98 హెర్ట్జ్‌కు జరుగుతుంది. ఒకే ఫిల్టర్ అన్ని ఆఫ్‌సెట్‌లకూ వేస్తే, దగ్గరి ట్రేసులు బాగుపడి దూరపువి మోగుతాయి. అందుకే టౌ–పీ డొమైన్‌లోకి (ఈవెంట్లను వాటి వాలు, అంటే పీ ప్రకారం అమర్చే రూపంలోకి) తీసుకెళ్లి, ఒక్కో కోణానికి ఒక్కో ఆలస్యంతో చేశాం. ఉపరితల రిఫ్లెక్షన్ గుణకాన్ని −1 అని కాక −0.93 అని పెట్టాం. సముద్రం అద్దంలా నిలబడదు. సరిగ్గా −1 పెడితే గుంట దగ్గర సున్నాతో భాగించినట్టవుతుంది.

6–9 రోజులు – ఎస్‌ఆర్‌ఎంఈ (ఉపరితల మల్టిపుల్స్ తొలగింపు)

ఎక్కువ సమయం తిన్న భాగం.

డెల్ఫ్ట్‌లో వెర్షూర్, బెర్క్‌హౌట్, వాపెనార్ 1992లో ప్రచురించిన పద్ధతి ఇది. ఉపరితలం దగ్గర ఒకసారి ఎగిరిన ప్రతి మల్టిపుల్‌నూ రెండు రికార్డుల కన్వొల్యూషన్‌గా (ఒకదాని వెనక ఒకటి జోడించి కలిపినదిగా) చూడొచ్చు. మొదటి రికార్డు గన్ నుంచి ఎగిరిన చోటు దాకా, రెండోది అక్కడి నుంచి రిసీవర్ దాకా. నేల లోపల ఏముందో తెలియనక్కర్లేదు. డేటాయే చాలు. కానీ ఎగిరిన ప్రతి చోటా ఒక గన్నూ ఒక రిసీవరూ ఉండాలి. షాట్ అంతరం, చానల్ అంతరం రెండూ 25 మీటర్లే కావడం ఇక్కడ కలిసొచ్చింది.

కలిసిరానిది 262. అది 25తో తెగదు, 12 మీటర్లు మిగులుతాయి. గన్ స్థానాలూ రిసీవర్ స్థానాలూ ఒకే గ్రిడ్ మీద పడవు. 12 మీటర్లే కదా అని వదిలేస్తే ఏమవుతుంది? సముద్రపు అడుగు రిఫ్లెక్షన్‌కు దగ్గరి ట్రేసులో 2.7 మి.సె. తేడా, పోనిద్దాం. దూరపు ట్రేసులో 7.8 మి.సె. 30 హెర్ట్జ్ అలకు ఒక చుట్టు 33 మి.సె. కనుక అది దాదాపు పావు చుట్టు. తీసివేతలో పావు చుట్టు తప్పిందంటే, మల్టిపుల్ పోదు, వేషం మార్చుకుంటుంది. పైగా కన్వొల్యూషన్‌లో రెండు కాళ్లు ఉంటాయి, తప్పు రెండుసార్లు చేరుతుంది.

సర్దుబాటు: ఉజ్జాయింపు వేగంతో ఎన్‌ఎంఓ వేసి, ఆఫ్‌సెట్‌లను 250, 275, 300 … 3225 అని తిరగరాసి, అదే వేగంతో ఎన్‌ఎంఓ వెనక్కి తీశాం. ఎన్‌ఎంఓకు మ్యూట్ (ట్రేసులో కొంత భాగాన్ని సున్నా చేయడం) పెట్టకూడదు, పెడితే వెనక్కి వచ్చేసరికి ట్రేస్ తలలు తెగి ఉంటాయి.

తర్వాత 0 నుంచి 225 దాకా లేని 10 ట్రేసులు. కేబుల్ గన్‌కు దూరంగా మొదలవుతుంది, ఆ ఖాళీ నింపాలి. లోతు సముద్రంలో ఈ ఖాళీ అంత బాధించదు. 350 మీటర్ల నీటిలో మాత్రం మల్టిపుల్ తయారయ్యే కాళ్లలో చాలా భాగం ఈ ఖాళీలోనే పడుతుంది. ఎన్‌ఎంఓ చేసిన సీఎంపీ గేదర్‌లో పారబోలిక్ రాడాన్‌తో (ఈవెంట్లను వంపును బట్టి విడదీసే పద్ధతితో) లోపలికి పొడిగించాం. సముద్రపు అడుగు వంకర తిరిగిన చోట నింపిన ట్రేసులూ అసలు ట్రేసులూ కలిసే దగ్గర చిన్న మెట్టు కనిపిస్తే, వేగం తప్పు. సరిచేసి మళ్లీ.

ఆంప్లిట్యూడ్: ఎస్‌ఆర్‌ఎంఈకి ముందు డైవర్జెన్స్ కరెక్షన్ (అల వ్యాపిస్తూ బలహీనపడటానికి సర్దుబాటు) వేయకూడదు. గన్ ఒక బిందువు, మన లెక్క 2డి. ఆ తేడాకు సమయపు వర్గమూలంతో గుణిస్తే చాలు. పని అయ్యాక దాన్ని వెనక్కి తీసి అసలు కరెక్షన్ వేయాలి.

మెమరీ: 1001 షాట్లూ వెనకాల 129 స్థానాలూ కలిపి 1130 స్థానాల గ్రిడ్. ఒక్క ఫ్రీక్వెన్సీకి 1130 × 1130 కాంప్లెక్స్ అంకెలు, 10.2 మెగాబైట్లు. 6 సెకన్ల ట్రేసును 12 సెకన్లకు సున్నాలతో సాగదీస్తే 80 హెర్ట్జ్ దాకా 960 ఫ్రీక్వెన్సీలు. మొత్తం 9.8 జీబీ. డిస్కు మీద పెట్టి ఒక్కో ఫ్రీక్వెన్సీ ముక్కా తెచ్చుకుని గుణించడమే. సున్నాలు చేర్చకుండా చేస్తే 6 సెకన్లు దాటిన మల్టిపుల్స్ చుట్టు తిరిగి సెక్షన్ పైభాగంలో వచ్చి కూర్చుంటాయి, అక్కడ లేని ఈవెంట్‌ను తీసేస్తాయి. మ్యాట్రిక్స్‌లో ఒకవైపే డేటా ఉంటుంది, ఎందుకంటే కేబుల్ ఒకవైపే. గన్నూ రిసీవరూ స్థానాలు మార్చుకున్నా రికార్డు ఒకటే అన్న రెసిప్రాసిటీతో రెండోవైపు నింపుతాం.

ఇక తీసివేత. ఊహించిన మల్టిపుల్‌లో వేవ్‌లెట్ రెండుసార్లు కలిసి ఉంటుంది కనుక నేరుగా తీసివేయలేం. ఫిల్టర్‌తో పొందించాలి. ముందు షాట్ గేదర్ మొత్తానికి ఒకే ఫిల్టర్, 61 శాంపిళ్లు. తర్వాత 500 మి.సె. × 30 ట్రేసుల చిన్న కిటికీల్లో 11 శాంపిళ్ల ఫిల్టర్. ఆశకు పోయి చిన్న కిటికీలోనే 41 శాంపిళ్లు పెట్టి చూశాం. తెర మీద మల్టిపుల్స్ మాయం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే అయింది, ప్రైమరీలు (ఒక్కసారే తాకి తిరిగొచ్చిన అసలు రిఫ్లెక్షన్లు) కూడా పోయాయి. చిన్న కిటికీలో పొడుగు ఫిల్టర్‌కు స్వేచ్ఛ ఎక్కువ, ఏ ఈవెంట్‌నైనా మల్టిపుల్‌తో పొందించేస్తుంది.

అది ఎలా తెలిసింది? ముందున్న దానిలోంచి తర్వాతిది తీసేసి, మిగిలింది ప్లాట్ చేసి. బియ్యం చెరిగాక చాటలోంచి పడ్డ ఊకలో నూకలున్నాయేమో చూసుకోవడం లాంటిది. 41 శాంపిళ్ల ఊకలో వాలు పొరలు స్పష్టంగా కనిపించాయి. 11తో అయితే సముద్రపు అడుగుకు సమాంతరమైనవే పోయాయి. ఫలితపు సెక్షన్ కంటే ఈ తీసేసిన సెక్షన్ మీదే ఎక్కువసేపు కళ్లు పెట్టాం. ఇక ముందు ప్రతి మెట్టుకూ ఈ ఊక ప్లాట్ తప్పనిసరి.

10వ రోజు – టౌ–పీ డీకాన్

ఎస్‌ఆర్‌ఎంఈ తర్వాత మిగిలిన రింగింగ్‌కు. పొట్టి దారిలో టీ–ఎక్స్‌లో (మామూలు సమయం–ఆఫ్‌సెట్ రూపంలో) వేసిన డీకాన్ ఎందుకు చాలలేదో అంకెలే చెబుతాయి. సముద్రపు అడుగుకూ దాని మొదటి మల్టిపుల్‌కూ మధ్య ఎడం, ఆఫ్‌సెట్ 0 దగ్గర 467 మి.సె., 262 మీటర్ల దగ్గర 451, 3237 మీటర్ల దగ్గర 143. ఒకే గ్యాప్ పెట్టి ఏం పట్టుకోగలం? పైగా అక్కడ పెట్టిన ఆపరేటర్ 272 మి.సె. దాటి పోదు.

టౌ–పీలో ఒక్కో పీకి ఎడం మారదు. పీ సున్నా అయితే 467, మీటరుకు 0.3 మి.సె. అయితే 417, 0.5 అయితే 309. ఒక్కో పీ ట్రేసుకు దాని లెక్క ప్రకారం గ్యాప్ ఆ ఎడం కంటే 30 మి.సె. తక్కువ, ఆపరేటర్ 120 మి.సె. ట్రేసుల సంఖ్య: 60 హెర్ట్జ్ దాకా, 2975 మీటర్ల విస్తీర్ణానికి పీ అంతరం మీటరుకు 0.0056 మి.సె. మించకూడదు. −0.1 నుంచి 0.7 దాకా 143 చాలు, 160 తీసుకున్నాం. తక్కువైతే వెనక్కి మార్చినప్పుడు సాలెగూడులాంటి గీతలు వస్తాయి. డీకాన్ వేయకుండా ఒకసారి వెళ్లి వచ్చి, ఊక ప్లాట్ ఖాళీగా ఉందో లేదో చూశాకే అసలు పని.

11వ రోజు – ఒక చిన్న కొలత

సముద్రపు అడుగు రిఫ్లెక్షన్ గుణకాన్ని డేటా నుంచే తీయొచ్చు. ప్రైమరీ ఒకసారి తాకుతుంది, మల్టిపుల్ రెండుసార్లు తాకుతుంది. గుర్తు పక్కన పెడితే వాటి నిష్పత్తే గుణకం, వ్యాపన నష్టాన్ని సరిచేశాక. ఎస్‌ఆర్‌ఎంఈకి ముందున్న డేటా మీదే చేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

జాగ్రత్త ఆ సరిచేయడంలో. నీటిలో ఆంప్లిట్యూడ్ దూరానికి విలోమంగా తగ్గుతుంది. కాబట్టి సమయపు మొదటి ఘాతంతో గుణించాలి. అలవాటుగా అందరూ పెట్టే రెండో ఘాతం పెడితే మల్టిపుల్ దాదాపు రెట్టింపై, గుణకం 0.3 ఉన్న చోట 0.6 వస్తుంది. అంత గట్టి నేల అంటే బండరాయి. 262 మీటర్ల ట్రేసులో దూరాలు 747, 1424 మీటర్లు, నిష్పత్తి 2 కాదు 1.9. కోణాలు కూడా 20.5, 10.6 డిగ్రీలు. సరిగ్గా నిలువు కాదు కనుక వచ్చేది ఉజ్జాయింపే.

పోల్చుకోవడానికి: ఇసుక నేల వేగం 1700, సాంద్రత 1.9 అనుకుంటే గుణకం 0.35. మెత్తటి బంకమట్టి 1520, 1.4 అయితే 0.16. ఈ పరిధిలో పడకపోతే ఎక్కడో ఆంప్లిట్యూడ్ చెడింది, వెనక్కి వెళ్లాలి.

12–14 రోజులు – వేగాలు, రాడాన్

ప్రతి 80 సీఎంపీలకు ఒకటి, అంటే కిలోమీటరుకు ఒకటి, సెమ్‌బ్లెన్స్ (ఏ వేగానికి ట్రేసులు బాగా పొందుతాయో చూపే కొలత) పికింగ్. మల్టిపుల్స్ తీయకముందు పిక్ చేసిన పట్టికనూ ఇప్పటిదాన్నీ పక్కన పెట్టి చూస్తే, పాతది కింద పోయేకొద్దీ నెమ్మదిగా ఉంది. పెగ్‌లెగ్‌ల సెమ్‌బ్లెన్స్ ప్రైమరీలకంటే గట్టిగా వెలగడం వల్ల చెయ్యి అటే పోయింది.

ఇది చిన్న తప్పులా కనిపిస్తుంది, కాదు. 2.0 సెకన్ల దగ్గర ఆర్‌ఎంఎస్ వేగం (అక్కడిదాకా ఉన్న పొరలన్నిటి ఒక రకం సగటు వేగం) 2200, 2.1 దగ్గర 2230 అనుకుందాం. డిక్స్ సూత్రం ప్రకారం మధ్య పొర వేగం 2762. రెండోదాన్ని 2250 అని పిక్ చేస్తే 3084. పిక్‌లో 20 తేడా, అంటే ఒక శాతం కూడా కాదు. పొర వేగంలో తేడా 322. ఆ అంకె పట్టుకుని ఎవరైనా షేల్‌ను సున్నపురాయి అంటే తప్పు వాళ్లది కాదు.

పారబోలిక్ రాడాన్‌తో మిగిలిన మల్టిపుల్స్ తీసేటప్పుడు కోత ఎక్కడ వేయాలన్నది లోతును బట్టి మారుతుంది. 1.5 సెకన్ల దగ్గర ప్రైమరీ 2100, మల్టిపుల్ 1600 అయితే ఎన్‌ఎంఓ తర్వాత దూరపు ఆఫ్‌సెట్‌లో 368 మి.సె. ఎడం, సులువుగా విడిపోతాయి. 3 సెకన్ల దగ్గర ప్రైమరీ 2600, పెగ్‌లెగ్ 2300 అయితే 66 మి.సె. మాత్రమే. ఆ ఈవెంటే 262 మీటర్ల ట్రేసులో అర మిల్లీసెకను కూడా విడిపోదు. అంటే దగ్గరి ట్రేసుల్లో రాడాన్ ఏమీ చేయలేదు. ఏదో చేసినట్టు కనిపిస్తే, దూరపు ట్రేసుల నుంచి తెచ్చి పూసిందన్నమాట. ఏవీఓ (ఆఫ్‌సెట్‌తో ఆంప్లిట్యూడ్ మారే తీరు) చూసేవాళ్లకు ఇది విషం. కోత 3 సెకన్ల పైన 100 మి.సె., కింద 50 దగ్గర పెట్టాం. 3 సెకన్ల కింద స్ట్యాక్‌కు లోపలి ట్రేసులు కొన్నింటిని మ్యూట్ చేశాం. ఏవీఓ కోసం విడిగా ఉంచిన గేదర్లకు రాడాన్ అసలు వేయలేదు.

ముందు చెప్పిన 50 మీటర్ల గొడవ ఇక్కడ తగిలింది. పక్కపక్క సీఎంపీలు రెండు కలిపి 25 మీటర్ల గేదర్ చేసి రాడాన్ నడిపి, మళ్లీ విడదీశాం.

15వ రోజు – స్ట్యాక్, మైగ్రేషన్

త్వరగా అయింది. స్ట్రెచ్ మ్యూట్ (ఎన్‌ఎంఓ మరీ సాగదీసిన భాగాన్ని సున్నా చేయడం) 1.5 దగ్గర, సైస్మిక్ యూనిక్స్ డిఫాల్ట్ కూడా అదే. 0.6 సెకన్ల ఈవెంట్‌కు 1500 మీటర్ల ఆఫ్‌సెట్‌లో, 1600 వేగంతో, స్ట్రెచ్ 85 శాతం. అది స్ట్యాక్‌లోకి వస్తే పైపొరలన్నీ మసక. స్ట్యాక్ చేసేటప్పుడు ప్రతి శాంపిల్‌నూ అక్కడ సున్నా కాని ట్రేసుల సంఖ్యతో భాగించాలి. 60తో భాగిస్తే మ్యూట్ అంచుల్లో మెట్లు పడతాయి.

కిర్కాఫ్ టైమ్ మైగ్రేషన్ (రిఫ్లెక్షన్లను అవి పుట్టిన అసలు చోటికి జరపడం). మైగ్రేట్ చేయకముందు 2 సెకన్ల దగ్గర 30 హెర్ట్జ్‌కు, 2500 వేగంతో ఫ్రెనెల్ వ్యాసార్థం (ఒకే రిఫ్లెక్షన్‌లో కలిసిపోయే ప్రాంతపు వ్యాసార్థం) 320 మీటర్ల పైమాట. బ్లాకు అంచు ఎక్కడుందో ఆ మసకలో చెప్పడం కష్టం. 12.5 మీటర్ల సీఎంపీ అంతరంతో 45 డిగ్రీల వాలు 70 హెర్ట్జ్ దాకా ఎలియాస్ కాదు, సరిపోతుంది. వేగాన్ని 95, 100, 105 శాతాలతో మూడుసార్లు నడిపాం. ఫాల్ట్ అంచుల దగ్గర చిరునవ్వుల్లా పైకి వంగిన గీతలు 105లో, కిందికి వంగిన మీసాలు 95లో. లైన్ ఒక కొసన మాత్రం 98 బాగుంది. ప్లాట్‌లో ఏదీ వంచకుండా, ఆ కొసకు వేగం తగ్గించి మళ్లీ నడిపాం.

16వ రోజు – రెండు సెక్షన్లు పక్కపక్కన

ఒకే స్కేలు, ఒకే రంగుపట్టీ, ఏజీసీ లేదు. పొడుగు దారి సెక్షన్ కింది భాగం ఖాళీగా, బలహీనంగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు పొట్టి దారిదే నచ్చుతుంది. కానీ అక్కడున్న బల్లపరుపు గీతల్లో ఎక్కువ భాగం ఎస్‌ఆర్‌ఎంఈ ఊక ప్లాట్‌లో దొరికాయి. అన్‌కన్ఫర్మిటీ కింద వాలు పొరలు పొడుగు దారిలోనే చదవడానికి వీలుగా ఉన్నాయి. ఎక్కడో ఒకట్రెండు చోట్ల పొడుగు దారిలోనూ వాలు పొర తెగి మళ్లీ మొదలవుతోంది. ఫాల్టా, ఎక్కువ తీసేశామా? ఆ కిటికీల్లో ఊకను మళ్లీ చూస్తే ఒకచోట మనదే తప్పు. ఫిల్టర్ 11 నుంచి 7కు తగ్గించి ఆ భాగం వరకు తిరిగి నడపాలి.

తర్వాత – కృష్ణా–గోదావరి లోతు నీటికి ఇదే క్రమం పనికొస్తుందా

మొత్తంగా కాదు. గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి స్ఫటికాల్లో చిక్కుకున్న వాయువు) కోసం 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌకతో నేషనల్ గ్యాస్ హైడ్రేట్ ప్రోగ్రామ్ మొదటి యాత్ర తవ్విన బావుల్లో, కృష్ణా–గోదావరి తీరానికి ఆవల ఒకచోట చీలికల బంకమట్టిలో దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్ దొరికింది. నీటి లోతు వెయ్యి మీటర్ల పైన. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వంటి చోట్ల ఇలాంటి డేటా మీద వెతికేది బీఎస్‌ఆర్‌ను, అంటే హైడ్రేట్ నిలకడగా ఉండే మండలం అడుగును సూచిస్తూ సముద్రపు అడుగుకు సమాంతరంగా నడిచే రిఫ్లెక్షన్‌ను.

1040 మీటర్ల నీటిలో అడుగు 1.39 సెకన్లకు, దాని మల్టిపుల్ 2.77కి వస్తాయి. అడుగు కింద 160 మీటర్ల లోతున ఉన్న బీఎస్‌ఆర్ సుమారు 1.59కి. మల్టిపుల్ అక్కడికి చేరదు, ఎస్‌ఆర్‌ఎంఈ కోసం నాలుగు రోజులు పోయక్కర్లేదు. శత్రువు మారాడు: ఇప్పుడు బుడగ. సిగ్నేచర్ సరిగ్గా తీయకపోతే మిగిలిన బుడగ పల్స్ అడుగు రిఫ్లెక్షన్ తర్వాత ఒకటి రెండు వందల మిల్లీసెకన్లకు, అడుగుకు అచ్చంగా సమాంతరంగా నడుస్తుంది. బీఎస్‌ఆర్ ఉండాల్సిన చోటే.

విడదీయడానికి మూడు గుర్తులు. బుడగ పోలారిటీ అడుగు రిఫ్లెక్షన్‌దే, బీఎస్‌ఆర్‌ది తలకిందులు, ఎందుకంటే హైడ్రేట్ ఉన్న గట్టి మట్టి కింద గ్యాస్ ఉన్న మెత్తటి మట్టి ఉంటుంది. వాలుమీద నీటి లోతు పెరిగేకొద్దీ పీడనం పెరిగి బీఎస్‌ఆర్ అడుగు నుంచి ఇంకాస్త కిందికి జరుగుతుంది. బుడగ ఆలస్యం మాత్రం 900 మీటర్ల దగ్గరా 1500 దగ్గరా ఒకటే. మూడోది, బీఎస్‌ఆర్ పొరలను కోసుకుంటూ పోతుంది. పొరలే అడుగుకు సమాంతరంగా ఉన్న చోట ఈ మూడో గుర్తు పనిచేయదు.

ఏజీసీ వేస్తే మొదటి గుర్తుకు ఏమీ కాదు, పోలారిటీ మారదు. కానీ అడుగుకు 200 మి.సె. కింద ఉన్న బీఎస్‌ఆర్ అర సెకను కిటికీలో అడుగు నీడలో పడి, ఎంత బలంగా ఉందో చెప్పడానికి వీల్లేకుండా పోతుంది. ఆ బలమే కింద గ్యాస్ ఉందో లేదో చెప్పాల్సింది. కాబట్టి ఆ లైన్లకు మొదటి రెండు రోజులు సిగ్నేచర్ మీదే. ఫార్‌ఫీల్డ్ రికార్డు లేకపోతే సముద్రపు అడుగు బల్లపరుపుగా ఉన్న చోట దగ్గరి ట్రేసులు వంద దాకా సమం చేసి స్ట్యాక్ వేసి, ఆ వేవ్‌లెట్‌నే సిగ్నేచర్‌గా తీసుకోవచ్చు. ఆ చోట కింద బీఎస్‌ఆర్ ఉండకూడదు, ఉంటే అది కూడా బుడగ లెక్కలో కలిసి, లైన్ మొత్తం మీద చెరిగిపోతుంది.